కారం మిల్లులో నాణ్యత నిలవడం లేదా? సమస్య - పరిష్కారం

సమస్య: “పోయినసారి కారం ఎర్రగా ఉంది, ఈసారిది వెలిసిపోయింది” అంటూ కిరాణా కొట్టువాళ్లు సరుకు తిప్పి పంపుతున్నారు.

కారణం: గుంటూరులో ఈ మాట రాగానే చాలామంది కొత్త మెషిన్ రేటు కనుక్కుంటారు. ముందు కాయని చూడండి. తేజ రకం మిర్చికి ఘాటెక్కువ, రంగు తక్కువ. బ్యాడిగి రకానికి రంగెక్కువ, ఘాటు తక్కువ. మిర్చి యార్డులో ఆ రోజు ఏది చవగ్గా దొరికితే అది కలిపి ఆడిస్తే బ్యాచ్‌కో రంగు వస్తుంది. తాలుకాయలు ఏరకపోతే ఇక చెప్పక్కర్లేదు. ఆ తర్వాతే మెషిన్ సంగతి: పల్వరైజర్‌లోంచి వచ్చిన కారం చేతికి చుర్రుమంటే రంగూ వాసనా అక్కడే పోతున్నాయి. ఒకేసారి ఎక్కువ కాయ పోయకండి, మధ్యలో చల్లారనివ్వండి.

పరిష్కారం: అందరూ మెచ్చుకున్న బ్యాచ్ నుంచి కొంచెం కారం తీసి, గాలి చొరని సీసాలో, వెలుతురు తగలని చోట దాచండి. కొత్త బ్యాచ్ రాగానే తెల్లకాగితం మీద రెండూ పక్కపక్కన పోసి పగటి వెలుతురులో చూడండి. మేలైనదాన్ని కొలబద్దగా పెట్టుకుని మన పనిని పోల్చుకోవడాన్ని కన్సల్టెంట్లు బెంచ్‌మార్కింగ్ అంటారు, దానికి మొదటి మెట్టు ఇదే, ఖర్చు సీసా డబ్బులే. దాచిన కారమూ నెమ్మదిగా రంగు పోగొట్టుకుంటుంది కాబట్టి, అది తాజాగా ఉన్నప్పుడే ల్యాబ్‌లో ఆస్టా రంగు విలువ (కారం ఎంత ఎర్రగా ఉందో చెప్పే అంకె) తీయించుకుంటే అంకె మీ చేతిలో ఉంటుంది. ఏ కాయ ఎన్ని కిలోలు, కొత్తదా కోల్డ్ స్టోరేజీదా అన్నది బ్యాచ్ నంబరు వేసి నోట్‌బుక్కులో రాయండి.

సమస్య: ప్యాకెట్‌లో గడ్డలు, ముక్కిపోయిన వాసన.

కారణం: తేమ. బస్తాల్లోకి తొక్కేటప్పుడు కాయ విరగకూడదని నీళ్లు చల్లడం మామూలే కదా. కారంలో తేమ 11 శాతం దాటకూడదని ఆహార భద్రతా ప్రమాణం. తడి కాయకి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం రావచ్చు, ఆడించినా వేయించినా అది పూర్తిగా పోదు.

పరిష్కారం: బేరం కుదరకముందే కాయలో తేమ ఎంతుందో మీటర్‌తో చూడండి. బస్తాలు నేలకి ఆననివ్వకండి.

సమస్య: పెద్ద బ్రాండ్‌తో పోల్చుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలడం లేదు.

కారణం: వాళ్ల లెక్క వేరు, మన లెక్క వేరు.

పరిష్కారం: కంపెనీతో కాదు, పనితో పోల్చుకోండి. 1980ల్లో జిరాక్స్ కంపెనీ గోడౌన్ పని నేర్చుకోవడానికి బట్టలు, బూట్లు పోస్టులో అమ్మే ఎల్ఎల్ బీన్ దగ్గరకెళ్లింది. మీకు తూకం తేడాలొస్తుంటే విజయవాడలో టీ పొడి ప్యాక్ చేసేవాళ్ల దగ్గర కాసేపు నిలబడండి. మీరు పోటీ కాదు కాబట్టి దాచాల్సిన పని వాళ్లకి లేదు.

సమస్య: సాఫ్ట్‌వేర్ కొన్నాం, ఎవరూ వాడటం లేదు.

కారణం: కాగితం మీదే రాయని లెక్క కంప్యూటర్‌లోకి ఎక్కడి నుంచి వస్తుంది?

పరిష్కారం: ఒక సీజన్ నోట్‌బుక్కుతో నడపండి. అందులో రోజూ నిండే గడులేవో చూసి, వాటినే సాఫ్ట్‌వేర్‌లో పెట్టించండి.