బండ ఒక మూల పైన, ఇంకో మూల లోతున: పునాది డిజైన్‌కు ముందు జాగ్రత్తలు

హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ నేలలో ఒక మూల రెండు అడుగులకే బండ తగులుతుంది, ఎదురు మూలకి పది అడుగులు తవ్వినా మొరమే వస్తుంటుంది. అందుకే నేల పరీక్షకు వేసిన ఒక్క బోరు చూసి డిజైన్ మొదలుపెట్టకండి. ఎకరం స్థలానికి నాలుగు మూలలా, మధ్యలో ఒకటి వేయడం మామూలు పద్ధతి. చిన్న ప్లాటైనా బండ ఎగుడుదిగుడని అనుమానముంటే తగ్గించొద్దు.

బోరు రాయికి తగలగానే ఆపనివ్వకండి. అది మొరంలో ఇరుక్కున్న గుండు కావచ్చు, కింద మళ్లీ మెత్తటి మట్టే ఉండొచ్చు. కనీసం మూడు మీటర్లు రాయిలోకి దింపించి, బోరులోంచి తీసి పెట్టెలో పేర్చిన కోర్ (రాతి నమూనా) ముక్కల్ని మీరే చేత్తో తీసి చూడండి: గోధుమరంగు తిరిగి, నలిపితే రాలిపోతుంటే అది ఇంకా గట్టి బండ కాదు.

ఒక పిల్లర్ బండ మీద, పక్కది మట్టి మీద ఉంటే మట్టి మీదిదే దిగుతుంది, గోడ ఏటవాలుగా పగులుతుంది. కుదిరితే అన్నిటినీ బండకే దింపండి, మరీ లోతైతే అక్కడ పైల్స్ (లోతుగా దింపే కాంక్రీట్ స్తంభాలు) వేయండి. బండ వాలుగా ఉంటే మెట్టులా చదును చేశాకే ఫుటింగ్ (పిల్లర్ కింది వెడల్పాటి కాంక్రీట్ దిమ్మ). ఎక్కువ తవ్విన గుంతను మట్టితో పూడ్చనివ్వకండి, పీసీసీతోనే (ఇనుము లేని మామూలు కాంక్రీట్) నింపించండి, ఈ ఒక్క విషయంలో మేస్త్రీతో గొడవైనా పర్లేదు.

గుంత తవ్వాక ఇంజనీర్ ప్రతి ఫుటింగ్ గుంత అడుగుభాగాన్నీ చూసేదాకా కాంక్రీట్ లారీని పిలవొద్దు.