పాత హార్డ్ డిస్క్‌ను నిల్వకు ఉంచుకుని ఎస్‌ఎస్‌డీకి మారే విధానం

ముందుగా ముఖ్యమైన ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. క్లోనింగ్ (పాత డిస్క్‌లోని విండోస్‌తో సహా అంతా ఉన్నదున్నట్టు కొత్త డ్రైవ్‌లోకి ఎక్కించడం) మధ్యలో ఆగిపోతే ఆదుకునేది ఆ కాపీయే. కొత్త ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో పనిచేసే వేగవంతమైన డ్రైవ్) సామర్థ్యం పాత డిస్క్ కన్నా తక్కువైనా ఫరవాలేదు గాని, ఇప్పటికే ఉన్న డేటా మొత్తం అందులో పట్టాలి. మదర్‌బోర్డుకు ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీని నేరుగా అమర్చే చోటు) ఉన్నంత మాత్రాన సరిపోదు. అది ఎన్‌వీఎంఈ అనే వేగవంతమైన రకాన్ని స్వీకరిస్తుందో, సాటా అనే పాత రకాన్నే స్వీకరిస్తుందో మాన్యువల్‌లో చూసుకున్నాకే కొనాలి.

క్లోనింగ్ పూర్తయ్యాక కంప్యూటర్‌ను ఆపి, పాత డిస్క్ కేబుల్ తీసేసి, మొదటిసారి ఎస్‌ఎస్‌డీతో మాత్రమే బూట్ చేయాలి. రెండూ తగిలించి ఉంటే విండోస్ దేని నుంచి మొదలైందో తెలియక తికమక పడతాం.

కొన్నాళ్లు సవ్యంగా నడిచాక పాత డిస్క్‌ను తిరిగి తగిలించి, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రాం) ఎస్‌ఎస్‌డీని బూట్ వరుసలో ముందుంచి, సామర్థ్యాన్ని బట్టి సరైన డ్రైవ్‌ను గుర్తుపట్టి ఫార్మాట్ చేయాలి. పాత డిస్క్‌లో బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తొలగించనివ్వదు కాబట్టి, కమాండ్‌లు టైప్ చేసి వాడే డిస్క్‌పార్ట్‌లోని క్లీన్ కమాండ్ (డిస్క్ మొత్తాన్ని తుడిచేసేది) వాడవలసి రావచ్చు. అది ఒక్కసారి కూడా నిర్ధారణ అడగదు.