వీడియోలో రంగులు తేడాగా ఉన్నాయా? మానిటర్ మార్చేముందు ఇవి చూడండి

వీడియోలో ముఖాలు పాలిపోయి కనిపించగానే కొత్త మానిటర్ ఎంతని అడిగేవాళ్లే ఎక్కువ. అంతకంటే ముందు చేయాల్సిన చిన్న పనిని ఎవరూ చేయరు. అదే తెర మీద ఒక మామూలు ఫోటో తెరవండి. ఫోటో కూడా చెడ్డగా ఉంటే లోపం తెరలోనో, కేబుల్‌లోనో, విండోస్ సెట్టింగ్‌లోనో ఉంది. ఫోటో బాగుండి వీడియో ఒక్కటే తేడాగా ఉంటే ప్లేయర్‌నో, గ్రాఫిక్స్ డ్రైవర్‌నో (తెర మీద బొమ్మ వేయించే సాఫ్ట్‌వేర్) అనుమానించాలి. ఆ వీడియో ఫోన్‌లోనూ అలాగే కనిపిస్తే ఫైలే అంత, కంప్యూటర్ జోలికి పోకండి.

పరీక్షకు తిరుపతి గంగజాతర వీడియో చాలా బాగా పనికొస్తుంది. అందులో భక్తులు ఒంటికి రంగులు పూసుకుని వేషాలు వేస్తారు: బైరాగి వేషానికి నామం సుద్ద తెలుపు, బండ వేషానికి కుంకుమ ఎరుపు, తోటి వేషానికి బొగ్గు నలుపు. ఏది ఎలా ఉండాలో ఊళ్లో చిన్నపిల్లలకైనా తెలుసు.

తెరంతా ఒకే రంగు కమ్మితే

పొద్దుగూకాకే పసుపు తిరుగుతుంటే అది నైట్ లైట్. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలో ఆపేయండి. తెర ఉన్నట్టుండి నలుపు తెలుపైతే పిల్లలెవరో విండోస్, కంట్రోల్, సి కలిపి నొక్కి ఉంటారు. మళ్లీ అవే నొక్కితే కలర్ ఫిల్టర్ పోతుంది. వీజీఏ కేబుల్ వాడేవాళ్లకు ఒక పిన్ను వంగితే ఒక రంగే మాయమవుతుంది: నీలం పోతే తెర పసుపు, ఆకుపచ్చ పోతే ముదురు గులాబీ, ఎరుపు పోతే నీలిపచ్చ. పిన్ను మెల్లగా సరిచేసి, రెండు పక్కలా స్క్రూలు బిగించండి.

వీడియో మాత్రమే ఆకుపచ్చగా, గళ్లుగళ్లుగా వస్తే

వీఎల్‌సీ ప్లేయర్‌లో కంట్రోల్, పి నొక్కి, ఇన్‌పుట్ / కోడెక్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్‌ను (వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించేది) డిజేబుల్ చేసి, సేవ్ కొట్టి, వీఎల్‌సీని మూసి తెరవండి. క్రోమ్‌లో అయితే సెట్టింగ్స్, సిస్టమ్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపండి. రంగులు సర్దుకున్నాయంటే తప్పు డ్రైవర్‌దే. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి సరైన డ్రైవర్ వేసి, ఆపినదాన్ని మళ్లీ ఆన్ చేయండి. అలాగే వదిలేస్తే 4కే వీడియో వేసినప్పుడు ప్రాసెసర్ మీద భారమంతా పడి బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది.

నలుపు బూడిదగా ఉంటే, లేదా చీకట్లో ఏమీ కనిపించకపోతే

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. వెలుగును అంకెల్లో లెక్కిస్తే, మామూలుగా వీడియో ఫైల్‌లో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటుంది. కంప్యూటర్ తెరకు నలుపు 0, తెలుపు 255. అందుకే వీడియోను 0 నుంచి 255 దాకా సాగదీయాలి, ఈ సాగదీత ఒక్కసారే జరగాలి. అసలు జరగకపోతే తోటి వేషం బొగ్గు కాస్తా బూడిదవుతుంది. రెండుసార్లు జరిగితే జుట్టూ చీకటీ ఒకటే ముద్ద, బైరాగి ఒంటి మీద సుద్ద గీతలు తెలుపులో కలిసిపోతాయి.

హెచ్‌డీఎంఐతో టీవీనో మానిటర్‌నో తగిలిస్తే, చాలా డ్రైవర్లు దాన్ని టీవీగా లెక్కగట్టి 16 నుంచి 235 లిమిటెడ్ రేంజ్ పంపుతాయి. అవతల తెర 0 నుంచి 255 ఫుల్ రేంజ్ కోసం చూస్తుంటే అంతా పాలిపోతుంది. ఇది తెలియక ప్లేయర్‌లో కాంట్రాస్ట్ పెంచుతారు. వీడియో కాస్త కుదురుతుంది, డెస్క్‌టాప్ మాత్రం పాలిపోయే ఉంటుంది. ఇకమీదట రెండు తప్పులు వెతకాలి. కాబట్టి ముందు ప్లేయర్‌లో మార్చినవన్నీ తీసేయండి, వీఎల్‌సీలో అయితే కంట్రోల్, ఇ నొక్కితే అవి కనిపిస్తాయి.

తర్వాత పెయింట్‌లో తెరంతా నలుపు నింపండి. దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ 16 ఇచ్చి ఒక చదరం, 30 ఇచ్చి ఇంకోటి గీయండి. గదిలో లైటు ఆర్పి చూడండి. 16 చదరం లీలగా కనిపిస్తే తెర, కేబుల్ దారి బాగుంది. అది పూర్తిగా మునిగిపోతే కంప్యూటర్ ఫుల్ పంపుతోంది, టీవీ లిమిటెడ్ అనుకుంటోంది. నలుపే బూడిదగా ఉంటే దీనికి తిరగబడింది.

సెట్టింగ్ పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఇంటెల్‌లో క్వాంటైజేషన్ రేంజ్, ఏఎమ్‌డీలో పిక్సెల్ ఫార్మాట్, టీవీలో బ్లాక్ లెవెల్ లేదా హెచ్‌డీఎంఐ రేంజ్. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో రెండు చోట్ల ఉంది. ఛేంజ్ రిజల్యూషన్ కింద అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ తెర మొత్తానిది. అడ్జస్ట్ వీడియో కలర్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఉన్నది వీడియోకు మాత్రమే. పెయింట్ పరీక్ష పాసై వీడియో ఒక్కటే తేడాగా ఉంటే రెండోదాన్ని ఫుల్ చేయండి. పాస్ కాకపోతే మొదటిదాన్ని ఫుల్ చేసి, టీవీలో ఆటో పెట్టండి. అప్పటికీ కుదరకపోతే టీవీ సెట్టింగ్‌ను చేత్తో మార్చి, మార్చిన ప్రతిసారీ పెయింట్ చదరాలే చూడండి, సినిమా కాదు. డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు ఇవి మొదటికొచ్చే అవకాశం ఉంది.

మిగతావి

ఫోన్‌లో హెచ్‌డీఆర్‌గా (వెలుగునీడల తేడా మామూలు కంటే ఎక్కువగా చూపే పద్ధతి) తీసిన వీడియో ఒక్కటే వెలిసిపోతే పాత ప్లేయర్ కారణం, వీఎల్‌సీ కొత్తది వేసుకోండి. డెస్క్‌టాప్ కూడా వెలిసిపోతే విండోస్, ఆల్ట్, బి నొక్కి హెచ్‌డీఆర్ ఆపండి. పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన పెళ్లి వీడియోలో ఎరుపు కొంచెం అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు. ఆ క్యాసెట్‌లోనే అంతకంటే ఎక్కువ పోయి ఉంటుంది.