పిల్లల నర్సు ఉద్యోగానికి దరఖాస్తు ఎలా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు

జీఎన్ఎం నర్సింగ్ కోర్సు పూర్తిచేసి ఇంట్లో కూర్చున్న అమ్మాయిలు తరచూ ఒకటే అడుగుతుంటారు. "మేడమ్, నాకు పిల్లల వార్డులోనే చేయాలనుంది. ఆ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుంది?" ఆ పేరుతో వస్తుందని కాచుక్కూర్చోకండి. మన దగ్గర పిల్లల నర్సు, స్కూల్ నర్సు అని విడిగా పోస్టులు వేయడం చాలా అరుదు. పేపర్లో కనిపించేది స్టాఫ్ నర్సు అనో, ఏఎన్ఎం అనో. అది ఎవరు వేశారు, ఎక్కడ పని అన్నది చదివి మనమే పోల్చుకోవాలి.

నెలలోపు పసిబిడ్డల కోసం పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఉండే విభాగం ఎస్ఎన్‌సీయూ. బాగా చిక్కిపోయిన పిల్లలను తల్లితో సహా ఉంచుకుని కోలుకునేలా చూసేది ఎన్ఆర్‌సీ. ఇలాంటి చోట్ల కాంట్రాక్టు పోస్టులకు జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి, అంటే డీఎంహెచ్‌ఓ, నోటిఫికేషన్ ఇస్తారు. బడి వైపు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో ఏఎన్ఎం పోస్టులుంటాయి. అవి సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద, ఆడవాళ్లకు మాత్రమే. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే పథకం ఆర్‌బీఎస్‌కే 2013లో మొదలైంది, దాని మార్గదర్శకాల ప్రకారం అంగన్‌వాడీలకు, బడులకు తిరిగే వైద్య బృందంలోనూ ఒక నర్సో, ఏఎన్ఎమ్మో ఉండాలి.

పని ఎలా ఉంటుందో తెలియకుండా దరఖాస్తు పెట్టకండి. పెద్దవాళ్ల వార్డులో 'ఒక మాత్ర' అంటే సరిపోతుంది. పిల్లల దగ్గర దాదాపు ప్రతి మందూ కిలో బరువుకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్క. సెలైన్ సన్న చుక్కలుగా ఎక్కించే మైక్రో డ్రిప్ సెట్లో 60 చుక్కలు ఒక ఎంఎల్. రెండు కిలోల బిడ్డకు ఆ లెక్క తప్పితే సర్దుకునే వీలుండదు. పైగా నొప్పెక్కడో బిడ్డ చెప్పలేదు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో నిమిషం నిండా లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపైతే 50, ఐదేళ్ల లోపైతే 40 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉందా, డాక్టరుకు కబురు పెట్టాలి.

బడిలో పని వేరు. 1902లో న్యూయార్క్‌లో లీనా రోజర్స్ అనే నర్సును బడులకు పంపారు. అప్పటిదాకా చర్మరోగాలు, కళ్ల జబ్బులున్న పిల్లలను ఇళ్లకు పంపేసేవారు. ఆమె అక్కడికక్కడే మందు పూసి, ఇళ్లకు వెళ్లి తల్లులకు చెప్పి, వాళ్లను మళ్లీ క్లాసులో కూర్చోబెట్టింది. మన హాస్టళ్లలో గజ్జి వచ్చిన పిల్ల విషయంలో చేయాల్సిందీ ఇదే. ఫిబ్రవరి 10, ఆగస్టు 10న నులిపురుగుల మాత్రలు, వారానికోసారి ఐరన్ మాత్రలు (చిన్న తరగతులకు గులాబీ రంగువి, పెద్ద పిల్లలకు నీలం), చూపు పరీక్షలు, నెలసరి సందేహాలు. ఏజెన్సీ బడుల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బున్న పిల్లలుంటారు, వాళ్లు నొప్పి అంటే నటన అనుకోకూడదు. అర్ధరాత్రి జ్వరం వస్తే 108కి ఫోన్ చేయాలా, తెల్లారే వరకు చూడాలా అన్నది చాలాసార్లు మీరే తేల్చాలి.

చదువు సంగతి క్లుప్తంగా చెప్తాను. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. బీఎస్సీకి ఇంటర్లో బైపీసీ ఉండాలి. కన్వీనర్ కోటా సీట్లకు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ చూడండి. పిల్లల నర్సింగ్ అందరికీ ఉండే సబ్జెక్టే. ప్రత్యేకంగా కావాలంటే బీఎస్సీ తర్వాత ఒక ఏడాది అనుభవంతో రెండేళ్ల ఎమ్మెస్సీలో చైల్డ్ హెల్త్ నర్సింగ్ తీసుకోవచ్చు. నవజాత శిశువుల నర్సింగ్‌లో ఏడాది డిప్లొమా కూడా ఉంది. స్టాఫ్ నర్సు పోస్టుకు ఈ ప్రత్యేక కోర్సులేవీ తప్పనిసరి కాదు.

తప్పనిసరిది ఏపీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. మన జిల్లాల నుంచి ఒడిశాకో, బెంగళూరుకో వెళ్లి చదివినవాళ్లు చాలామందే. వాళ్లు అక్కడి కౌన్సిల్లో రిజిస్టరై, అక్కడి నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తెచ్చుకుని, మళ్లీ ఇక్కడ రిజిస్టర్ కావాలి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే గడువులోగా అవడం కష్టం. రెన్యువల్ తేదీ ఇప్పుడే చూసుకోండి. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకున్నవాళ్లు పదో తరగతి మెమోతో ఒకసారి సరిపోల్చుకోండి.

ఇక దరఖాస్తు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అధికారిక వెబ్‌సైట్లలో నోటీసుల కింద రిక్రూట్‌మెంట్ అని ఉంటుంది, వారానికోసారి తెరవండి. డీఎంహెచ్‌ఓ పోస్టులకు సాధారణంగా ఫారం డౌన్‌లోడ్ చేసి, నింపి, గెజిటెడ్ అధికారి సంతకం పెట్టిన జిరాక్సులు, ఫీజు డీడీ జతచేసి ఆఫీసులో ఇవ్వాలి. పదో తరగతి, ఇంటర్ మెమోలు, నర్సింగ్ అన్ని ఏళ్ల మార్కుల మెమోలు, రిజిస్ట్రేషన్, కులం లేదా ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ పెట్టాలి. ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి.

నాలుగు నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు కూడా అడుగుతారు, లోకల్ అవునో కాదో తేల్చేది వాటితోనే. నాన్న పనికి వలసపోతే హైదరాబాద్‌లో రెండేళ్లు చదివిన పిల్లలు మన ఊళ్లలో కొల్లలు. ఆ బడి నుంచి కూడా కాగితం తేవాలి. చివరి వారంలో బస్సెక్కితే హెడ్మాస్టరు సెలవులో ఉంటారు!

ఈ డీఎంహెచ్‌ఓ పోస్టులకు పరీక్ష ఉండదు, ఇంటర్వ్యూ ఉండదు. ఇటీవలి నోటిఫికేషన్లలో మొత్తం 100 మార్కులు ఇలా లెక్కేశారు. నర్సింగ్ కోర్సు మార్కులకు 75. అంటే 80 శాతం వస్తే 60. పాసై ఎన్నేళ్లయితే ఏడాదికొకటి చొప్పున 10 వరకు. ప్రభుత్వంలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు 15 వరకు. ఈ చివరి దాంట్లోనే మన ప్రాంతం వాళ్లకు లాభం. ఆరు నెలల సర్వీసుకు పట్టణంలో 1 మార్కు, పల్లెలో 2, గిరిజన ప్రాంతంలో 2.5. సీతంపేట వైపు కొండల్లో మూడేళ్లు చేసినవాళ్లకు 15కి 15.

నేను అలా మూడేళ్లు చేశాను. నా సర్వీస్ సర్టిఫికెట్ రాసిన ఆఫీసు 'గిరిజన ప్రాంతం' అన్న మాట వదిలేసింది. నేనూ చూసుకోలేదు. పల్లె కింద లెక్కేసి 12 ఇచ్చారు. ఆ మూడు మార్కులతో జాబితాలో ఎంత కిందికి పోయానో తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ముందు తాత్కాలిక మెరిట్ జాబితా పెడతారు, అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువు. మీ వరుసలో ప్రతి గడీ చూడండి, తేడా ఉంటే రాతపూర్వకంగా ఇవ్వండి. నేను ఆ వారం ఊళ్లో పెళ్లికి వెళ్లాను.

తుది జాబితా తర్వాత ఒరిజినల్స్‌తో కౌన్సెలింగ్‌కు పిలుస్తారు. ఆసుపత్రుల వారీగా ఖాళీలు చూపించి, మెరిట్ వరుసలో ఎంచుకోమంటారు. ఇంటికి దగ్గరని ఏదో ఒకటి చెప్పేయకుండా, ఎస్ఎన్‌సీయూ ఉన్న ఆసుపత్రులేవో ముందురోజే కనుక్కుని వెళ్లండి. పిల్లల వార్డు కావాలన్న మాట చెప్పుకోవడానికి ఉన్న చోటు అదే.