చెనిక్కాయలు వేయించి పెట్టుకుంటే రాత్రి వంట సగం అయినట్టే

ఆదివారం పూట ఒక కిలో చెనిక్కాయ (వేరుశనగ) గింజలు వేయించి డబ్బాకెత్తుకోండి. వారంలో రెండు రాత్రుల సంగటి భోజనానికి ఊరిబిండి అనే చెనిక్కాయ చట్నీ, పిల్లలు బడి నుంచి రాగానే చేతికివ్వడానికి బెల్లం ఉండలు, దోసెల్లోకి పొడి, అన్నీ ఆ డబ్బాలోంచే వస్తాయి. మా ఇంట్లో నడిచేది ఇలాగే. మేముండేది తిరుపతి కొర్లగుంటలో. నేను ఉద్యోగం నుంచి ఇల్లు చేరేసరికి ఆరు దాటుతుంది. ఎనిమిదికల్లా పళ్లేలు పెట్టకపోతే మా చిన్నోడు బిస్కెట్ ప్యాకెట్ విప్పేస్తాడు, ఇంక వాడు అన్నం ముట్టడు.

పైగా తిరుపతిలో కాపురమంటే చుట్టాలు ఏ పూట వస్తారో చెప్పలేం. దర్శనం ఎప్పుడవుతుందో పాపం వాళ్లకే తెలీదు కదా. "వదినా, కొండ దిగేసినాం, అలిపిరి దగ్గరున్నాం" అని ఫోన్ వచ్చిందంటే కాసేపట్లో నలుగురు గుమ్మంలో ఉంటారు. అప్పుడు టెన్షన్ పడకుండా పెట్టగలిగింది సంగటే. ఎసట్లో ఇంకో రెండు గ్లాసుల నీళ్లు, గుప్పెడు బియ్యం, దానికి తగ్గ పిండి పడితే చాలు. క్యూలో నిలబడి నిలబడి వచ్చినోళ్లు చపాతీకన్నా దీన్నే ఇష్టంగా తింటారు.

ముందు గింజల సంగతి

మాకు గింజలు పుట్టింటి నుంచి వస్తాయి, బంగారుపాళ్యం వైపు. ఆ చిత్తూరు జిల్లాలో చెనిక్కాయ ఎక్కువగా వానాధారం పంట. జూన్, జులైలో విత్తితే అక్టోబరు, నవంబరుకి పీకుతారు. అందుకే కార్తీక మాసంలో దొరికే గింజకు ఉండే కమ్మదనం ఎండాకాలంలో కొన్నదానికి ఉండదు. టౌన్లో కొనేవాళ్లు రెండు గింజలు నోట్లో వేసుకుని చూసి కొనండి. కనరు వాసన వచ్చినా, చేదు తగిలినా వెనక్కి పెట్టేయండి. గింజ పెద్దదా చిన్నదా అని చూడొద్దు. పొడికైనా ఊరిబిండికైనా చిన్న గింజే రుచి.

ఏరడం మాత్రం ఒళ్లు దాచుకోకుండా చెయ్యాలి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, పచ్చగా బూజు పట్టినవి పక్కకి తీసేయండి. వేయిస్తే పోతుందిలే అనుకుంటారు చాలామంది. బూజులో పుట్టే విషం వేయించినా పూర్తిగా పోదు. ఒక్క బూజు గింజ చాలు, చట్నీ అంతా చేదెక్కుతుంది.

మందపాటి ఇనుప బాణలి పెట్టి, సన్న సెగ మీద, కిలోని రెండు మూడు వాయిలుగా వేయించండి. ఒక్కో వాయికి పావుగంట దాకా పడుతుంది. చెయ్యి ఆపకూడదు. మొదట చప్పుడేమీ ఉండదు, కాసేపటికి చిటపటలు మొదలవుతాయి, అవి తగ్గే సమయానికి ఒక గింజ తీసి రెండుగా విప్పి చూడండి. లోపల లేత బంగారు రంగు ఉంటే దించేయండి. స్టవ్ ఆపి బాణల్లోనే వదిలేస్తే ఆ వేడికి ఇంకా మాడతాయి, వెంటనే వెడల్పు పళ్లెంలోకి పోసెయ్యాలి. పూర్తిగా చల్లారాక గుడ్డ సంచిలో వేసి నలిపితే పొట్టు ఊడుతుంది. చేటలో పోసి మిద్దె మీద గాలికి చెరగండి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో చెరిగితే కింద ఇంటివాళ్లతో గొడవ ఖాయం. ఉండలకి పొట్టు బాగా పోవాలి, ఊరిబిండికి కొంచెం ఉన్నా నష్టం లేదు.

సంగటి ముందు, మిగతావి దాని వెనక

ఇంట్లో కాలు పెట్టగానే నేను చేసే మొదటి పని బియ్యం కడిగి నానబెట్టడం. ఐదుగురికి ఒక గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల రాగిపిండి, ఆరు గ్లాసుల నీళ్లు. సన్న బియ్యం అక్కర్లేదు. మెత్తగా ఉడికే మామూలు బియ్యం, నూకలైతే ఇంకా మంచిది. కాళ్లూ చేతులూ కడుక్కుని, కాఫీ తాగి వచ్చేసరికి బియ్యం నానుంటాయి. ఎసరు మరిగాక వేసి, అన్నం వార్చేంత పలుకు మీద ఆపకుండా బాగా జావగా ఉడకనివ్వండి. ఆ గంజి ఒక గ్లాసు పక్కకి తీసిపెట్టుకోవాలి, తర్వాత అవసరమొస్తుంది. కాస్త ఉప్పు ఇప్పుడే వెయ్యండి.

ఇప్పుడు పిండిని అన్నం మీద మధ్యలో కుప్పగా పోయండి. కలపొద్దు. సంగటి కట్టె కాడతో కుప్పలో అడుగు దాకా నాలుగు బొక్కలు పొడిచి, మంట బాగా తగ్గించి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. ఆ బొక్కల్లోంచి గంజి పైకి ఉబికి పిండిని తడుపుతుంది, ఆవిరికి పిండి ఉడుకుతుంది. ఈ పది నిమిషాల్లో మూత తీసి కెలికితే ఉండలు కడుతుంది, ఆ ఉండల్లో పచ్చి పిండి ఉండిపోతుంది.

తర్వాత గిన్నె దించి కింద పెట్టుకోవాలి. స్టవ్ మీదే గెలకడానికి ప్రయత్నిస్తే గిన్నె తిరిగిపోతుంది, చెయ్యీ కాలుతుంది. కింద పాత గోనెపట్టా పరిచి, రెండు పాదాలతో గిన్నెని గుడ్డ అడ్డంపెట్టి అదిమిపట్టి, కట్టెని అంచుకి ఆనించి అడుగు నుంచి పైకి మలుస్తూ గెలకాలి. మొదట బరువుగా తిరుగుతుంది, తెల్ల మెతుకులూ పొడి పిండీ విడివిడిగా కనపడతాయి. ఇరవై ముప్పై తిప్పులకి అంతా ఒక్క రంగుకి వచ్చి, గిన్నె అంచుని వదిలి కట్టెతో పాటు కదులుతుంది. గట్టిగా అనిపిస్తే తీసిపెట్టిన గంజి వేడిగా కొంచెం కొంచెం పోసుకోండి, చల్లనీళ్లు పోస్తే జిగురు పోతుంది. తడి వేలితో తాకితే అంటకూడదు, అదే గుర్తు. "సంగటి గెలికే చేతికి జిమ్ము ఎందుకే" అంటుంది మా అత్త, మా ఆయన్ని చూస్తూ. గెలికే పని ఆయనకే అప్పగించినాం లెండి.

చెయ్యి తడి చేసుకుని చిన్న గిన్నెలోకి ముద్ద తీసి, ఆ గిన్నెని గుండ్రంగా ఎగరేస్తే ముద్ద నున్నగా తిరుగుతుంది. అలవాటు లేనివాళ్లకి ఒక మాట. సంగటిని నమలరు, చిన్న ముద్ద తుంచి కూరలో ముంచి మింగుతారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి మా అత్త మోకాళ్ల పేరు చెప్పి ఇంకో అర ముద్ద పెట్టించుకుంటోంది.

పుల్లగూర

బియ్యం ఉడుకుతుండగానే రెండో స్టవ్ మీద ఇది అయిపోతుంది. రెండు కట్టలు తోటకూర, ఒక కట్ట చుక్కకూర, మూడు టమాటాలు, ఏడెనిమిది పచ్చిమిరపకాయలు, ఒక ఎర్రగడ్డ (ఉల్లిపాయ), ఐదారు తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు, గోళీకాయంత చింతపండు. వానాకాలంలో ఊరి నుంచి ఎవరైనా చెంచలాకు తెస్తే ఆ రోజు తోటకూర మానేస్తాను, దాని రుచి వేరే. అన్నీ గిన్నెలో వేసి, ఆకు సగం మునిగేటంత నీళ్లు పోసి మూత లేకుండా ఉడికించండి. మూత పెడితే ఆకు రంగు చెడుతుంది. ఉడికిన నీళ్లు గ్లాసులోకి వంపి, రాళ్ల ఉప్పు వేసి పప్పుగుత్తితో ఎనపండి. మిక్సీలో మాత్రం వెయ్యొద్దు, బంకబంకగా తయారవుతుంది. వంపిన నీళ్లు కావలసినంత తిరిగి పోసి పలుచన చేసుకోండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, దంచిన తెల్లగడ్డతో తిరగవాత పెడితే అయిపోయింది.

టమాటా మండినప్పుడు ఏం చెయ్యాలని అడుగుతారు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్ పక్కనే పెట్టుకుని కూడా కిలో వందకి పైన పెట్టి కొన్నాం. అప్పుడు చుక్కకూర ఇంకో కట్ట వేసి టమాటా పూర్తిగా మానేసినాం, ఎవ్వరూ కనిపెట్టలేదు.

ఊరిబిండి

ఇది ఐదు నిమిషాల పని, ఎందుకంటే గింజలు వేయించే ఉన్నాయి. చుక్క నూనెలో ఎనిమిది ఎండుమిరపకాయలు వేయించి, ఉప్పు, ఉసిరికాయంత చింతపండు, నాలుగు తెల్లగడ్డ రెబ్బలతో ముందు నూరుకోండి. మిరపకాయ నలిగాకే రెండు పిడికిళ్ల గింజలు వెయ్యాలి. మిక్సీ అయితే ఆపి ఆపి మూడు తిప్పులు చాలు. ఏకధాటిగా తిప్పితే గింజల్లోంచి నూనె ఊరి ముద్దైపోతుంది. పంటికి పలుకులు తగలకపోతే దాన్ని ఊరిబిండి అనలేం. నీళ్లు రెండు చెంచాలకి మించొద్దు. చివర్లో ఒక ఎర్రగడ్డ ముక్కలు వేసి ఒక్కసారి తిప్పి తీసేయండి. తిరగవాత అక్కర్లేదు. రోలున్న ఇల్లైతే రోట్లోనే నూరండి, తేడా మొదటి ముద్దకే తెలుస్తుంది.

వేడి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసుకుని, ఒక పక్క పుల్లగూర, ఒక పక్క ఊరిబిండి. కారం తినలేని చిన్నపిల్లలకి అదే సంగటిని పాలు, బెల్లంతో పిసికి పెడతాం.

బెల్లం ఉండలు

తిరుపతిలో ఉంటూ ఇంట్లో తీపి చేసుకోవడమేంటని బెంగళూరులో ఉన్న మా ఆడపడుచు ఎగతాళి చేస్తుంది. నిజమే, వచ్చిన చుట్టాలందరూ ఒక లడ్డు చేతిలో పెట్టి పోతారు. కానీ ప్రసాదమంటే కళ్లకద్దుకుని చిటికెడు తినేది. సాయంత్రం ఆటల నుంచి వచ్చిన పిల్లోడికి జేబులో వేసుకుని పోయే తీపి వేరే కావాలి.

అర కిలో గింజలకి 350 గ్రాముల బెల్లం. చిత్తూరు బెల్లం మండీ పేరున్నదే, మాకు సరుకు అక్కడి నుంచే వస్తుంది. పాకానికి మరీ తెల్లగా మెరిసేది తీసుకోవద్దు, ఆ తెలుపు మందు కలిపితే వచ్చింది. మెత్తగా చేతికంటుకునే నల్లదీ వద్దు, అది పాకం నిలవదు. విరిస్తే గలగలా పొడయ్యే ఇటుక రంగుది చూసుకోండి.

బెల్లం చితక్కొట్టి అర టీ గ్లాసు నీళ్లు పోసి కరిగించి వడకట్టండి. అడుగున ఇసుక చూస్తే ఎందుకు వడకట్టమన్నానో మీకే అర్థమవుతుంది. మళ్లీ స్టవ్ మీద పెట్టి, పక్కన ఒక గిన్నెలో చల్లనీళ్లు పెట్టుకోండి. మొదట పెద్ద పెద్ద బుడగలొస్తాయి, తర్వాత అవి చిన్నవై దగ్గరపడి నురగలా పొంగుతాయి. అప్పటి నుంచి చుక్క చుక్కగా నీళ్లల్లో వేసి చూస్తుండాలి. తొలి చుక్క నీళ్లల్లో కలిసిపోతుంది. కాసేపటికి వేసింది వేళ్ల మధ్య మెత్తని ఉండై సాగుతుంది. ఇది అరిసెల పాకం, మనకి చాలదు. ఇంకో నిమిషానికి వేసిన చుక్క గట్టిపడి, తీసి స్టీలు పళ్లెం మీద వేస్తే టంగుమంటుంది. ఆ క్షణంలోనే స్టవ్ ఆపేయండి. ముందే దించితే ఉండలు మర్నాటికి చెమర్చి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆలస్యమైతే పాకం చేదెక్కుతుంది. ఈ కాసేపు ఫోన్ వచ్చినా తియ్యకండి.

యాలకుల పొడి, చెంచా నెయ్యి, గింజలు వేసి గబగబా కలిపి, చేతికి బియ్యప్పిండి అద్దుకుని వేడి మీదే చుట్టాలి. ఒక్కరే అయితే సగం చుట్టేలోగా గట్టిపడుతుంది, అప్పుడు సన్న సెగ మీద ఒక్క నిమిషం పెడితే మళ్లీ లొంగుతుంది. చెయ్యి కాలుతుందనుకుంటే నెయ్యి రాసిన పళ్లెంలో పరిచి ముక్కలు కోసేయండి, రుచిలో తేడా లేదు. చల్లారాక గాలి పోని డబ్బాలో పెడితే పదిహేను రోజులు కరకరలాడుతూనే ఉంటాయి.

పళ్లు లేని పెద్దవాళ్లకి ఇవి కొరుకుడు పడవు. మా అత్తకి వేరేగా చేస్తాం. రాగిపిండి వేడినీళ్లతో కలిపి మందంగా ఒక రొట్టె తట్టి, రెండు పక్కలా బాగా కాల్చి, చల్లారాక తుంచి మిక్సీలో పొడి చేస్తాను. అది ఒక కప్పైతే, అర కప్పు గింజలు, అర కప్పుకి కొంచెం పైన బెల్లం వేసి మళ్లీ ఒక తిప్పు తిప్పి, నెయ్యి చేత్తో ఉండలు చుట్టడమే. పాకం పని లేదు. రొట్టెలో తడి ఉంటుంది కాబట్టి రెండు రోజుల్లో తినెయ్యాలి.

మిగిలితే

సంగటి ముద్దలు మిగిలితే మట్టి కుండలో నీళ్లు పోసి వేసుంచండి. పొద్దున్నే ఆ నీళ్లతోనే పిసికి, మజ్జిగ, ఉప్పు కలిపి, పచ్చి ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగితే మే నెల ఎండలకి కూడా మధ్యాహ్నం దాకా దాహం అనిపించదు. పుల్లగూర ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు అన్నంలోకి పనికొస్తుంది. ఊరిబిండిలో పచ్చి ఎర్రగడ్డ పడింది కాబట్టి దాన్ని మర్నాడు రాత్రి దాకా లాగొద్దు, పొద్దున దోసెల్లోకి కానిచ్చేయండి.