ఆషాఢం గాలికి ఎదురు 10 కిలోమీటర్లు: వారం ప్రాక్టీస్, రేసు రోజు

మీది అనంతపురమైతే ఆషాఢం గాలి గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మేడ మీద ఆరేసిన లుంగీ మూడిళ్ల అవతల దొరుకుతుంది. కడవకల్లు, వజ్రకరూరు వైపు అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. కానీ జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ గాలిని తిట్టుకుంటూ ప్రాక్టీస్ మానేస్తే, ఆ మధ్యలో ఏ రేసు వచ్చినా నిరుడు నేను తిన్న దెబ్బే మీరూ తింటారు.

కళ్యాణదుర్గం రోడ్డులో రేసు, 5 కిలోమీటర్లు పోయి 5 వెనక్కి. నా టార్గెట్ 50 నిమిషాలు, అంటే కిలోమీటరుకు సరిగ్గా 5 నిమిషాలు. ఆ రోడ్డు ఊరి నుంచి పడమటికి పోతుంది, నైరుతి రుతుపవనాల కాలంలో గాలి వచ్చేదీ అటునుంచే, కాబట్టి పోయేటప్పుడు మొత్తం మొహం మీదకే. అయినా వాచ్‌లో 5:00 కనపడాల్సిందేనని పళ్లు బిగించి పరిగెత్తా. మలుపు దగ్గరికి 25:10. ఇంక గాలే తోస్తుందిలే అనుకున్నా. తీరా తిరిగాక కాళ్లలో ఏమీ లేదు, 53:40కి ఈడ్చుకుంటూ వచ్చి పడ్డా.

లెక్క వేసుకుంటే అర్థమైంది. మీరు గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు, ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి ఉంది, అంటే మీ ఒంటికి తగిలేది 27. గాలి అడ్డు ఆ వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి, గాలి లేని రోజుతో పోలిస్తే సుమారు 5 రెట్లు. అదే గాలి వీపుకు తగిలితే? 15లో మీ 12 పోగా మిగిలేది 3. మామూలు అడ్డు తప్పుతుంది, దాంట్లో పదహారో వంతు తోపు దొరుకుతుంది, అంతే. పోయేటప్పుడు అదనంగా పడిన అడ్డులో తిరుగుదారిలో మీకు కలిసొచ్చేది నాలుగో వంతే. గాలి రోజున టైమ్ పోతుంది, ముందే ఒప్పుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు వారం సంగతి. ఆదివారం రేసు అనుకుందాం. సోమవారం రెస్ట్, ఆఫీసు మెట్లు ఎక్కితే చాలు. మంగళవారం గ్రౌండ్‌లో 400 మీటర్లు ఎనిమిది సార్లు, మధ్యలో 200 జాగింగ్. ఇక్కడొక మెలిక ఉంది. గాలి రోజుల్లో 200 మీటర్ల రిపీట్లు పెట్టుకోవద్దు, ఒకటి ఎదురుగాలికి, ఇంకొకటి వెనక గాలికి పడి టైమ్‌లు చూస్తే పిచ్చెక్కుతుంది, పూర్తి రౌండ్ అయితే రెండూ కలిసి ఎంతో కొంత సర్దుకుంటాయి. బుధవారం 8 కిలోమీటర్లు నిదానంగా, పక్కనున్నాయనతో మాట్లాడుకుంటూ.

అసలు పని గురువారం. 8 నిమిషాల చొప్పున రెండు సార్లు, గాలికి ఎదురుగానే, రేసులో పెట్టేంత ఊపుతో. దూరం కొలవద్దు, వాచ్‌లో నిమిషాలు మాత్రమే చూడండి. మొదటిసారి చేసినప్పుడు నాకు కిలోమీటరుకు 5:30 వచ్చింది, సిగ్గేసింది కూడా, కానీ ఊపిరి మాత్రం 5:00కి తీసుకునే ఊపిరే. ఆ ఊపిరిని గుర్తుపట్టడమే ఆ రోజు పని. ముందుకు వంగాలనిపిస్తుంది, నడుము దగ్గర వంగితే ఊపిరి పట్టేస్తుంది, మడమల దగ్గర్నుంచి ఒళ్లంతా కొద్దిగా వాల్చండి, అడుగు చిన్నది చేయండి. మా క్లబ్‌లో ఒకాయన ఆటోలో కళ్యాణదుర్గం రోడ్డులో 10 కిలోమీటర్లు పోయి, గాలి వీపుకు పెట్టుకుని ఊళ్లోకి పరిగెత్తి, అదే తన బెస్ట్ టైమ్ అని గ్రూపులో పెట్టాడు. "2011 బోస్టన్ మారథాన్‌లో వెనక గాలితో కెన్యా రన్నర్ జెఫ్రీ ముటాయ్ 2:03:02కి ముగిస్తే దాన్నే ప్రపంచ రికార్డుగా తీసుకోలేదన్నా, అక్కడి దారి ఒకవైపుకే పోతుంది, పైగా దిగుడు" అని చెప్పాం. ఆయన మాత్రం ఇప్పటికీ అదే చెప్పుకుంటాడు.

శుక్రవారం రెస్ట్. శనివారం 3 కిలోమీటర్లు మెల్లగా, చివర్లో 100 మీటర్ల పరుగులు నాలుగు. ఏది చేసినా తెల్లారకముందే మొదలెట్టండి, ఎండెక్కేకొద్దీ గాలీ పెరుగుతుంది, దున్నిన చేల ఎర్రమట్టి కూడా దాంతోపాటే లేస్తుంది. పవర్ లేని మామూలు కళ్లద్దాలైనా పెట్టుకోండి.

రేసు రోజు బిబ్‌కు, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు చీటీకి, నాలుగు మూలలా పిన్నీసులు పెట్టండి, రెండే పెడితే అది తెరచాపలా కొట్టుకుంటుంది. వదులు టీషర్ట్ వద్దు. మొదటి కిలోమీటరులోనే మీ వేగం మనుషుల్ని వెతుక్కుని వాళ్ల వెనక చేరండి, కొంచెం నెమ్మదైన గుంపైనా ఫర్వాలేదు. 1953లో ఎవరెస్ట్ జట్టుతో వెళ్లిన శాస్త్రవేత్త గ్రిఫిత్ పుగ్ 1971లో దీన్నే కొలిచాడు: మధ్యదూరం రేసుల వేగంలో ముందు మనిషికి మీటరు వెనక పరిగెత్తితే ఖర్చయ్యే ఆక్సిజన్ 6.5 శాతం తగ్గింది. మన వేగానికి అంత రాదు, గాలి గట్టిగా ఉన్నప్పుడు మాత్రం తేడా బాగా తెలుస్తుంది. గాలి ఎడమ పక్క నుంచి కొడితే ముందు మనిషికి సరిగ్గా వెనక కాకుండా కొంచెం కుడి పక్కకు జరగండి. వెనకే నక్కి ఉండిపోతే మర్యాద కాదు. ఈసారి మేం నలుగురం కలిశాం, రెండు నిమిషాలయ్యేసరికి ముందున్నాయన "అన్నా, ఇంక నువ్వు రా" అనేవాడు, వంతులవారీగా లాగాం. వాచ్ మణికట్టు లోపలికి తిప్పేశా.

మలుపు తిరిగాక రెండు పనులు. ఒకటి, వెంటనే ఎగబడొద్దు, ఒక అర కిలోమీటరు ఊపిరి సర్దుకోనిచ్చి అప్పుడు పెంచండి. రెండు, నీళ్లు. గాలి దాదాపు మీ వేగంతోనే వెనక వస్తుంటే మీ చుట్టూ గాలే ఆడనట్టు ఉంటుంది, చెమట ఆరదు, ఒక్కసారిగా ఉడికిపోతారు. మలుపు దగ్గర గ్లాసు అందుకుంటే సగం తాగి సగం మెడ మీద పోసుకోండి. నాకు పోయేటప్పుడు 27:05, వచ్చేటప్పుడు 24:10, మొత్తం 51:15. టార్గెట్ 50 కాలేదు, నిరుటి కంటే మాత్రం 2 నిమిషాల 25 సెకన్లు తగ్గింది.

ఆగిన వెంటనే తడి టీషర్ట్ మార్చేయండి, ఆ గాలికి జూలైలో కూడా వణుకు పుడుతుంది, అందుకే ఇంకొకటి బండి డిక్కీలో పెట్టుకెళ్లాలి. తర్వాత ఎలాగూ ఉగ్గాని, బజ్జి దగ్గరికే పోతారు. పేపర్ ప్లేట్ మీద ఒక చెయ్యి ఉంచుకోండి, మావాడిది బజ్జీతో సహా రోడ్డు దాటింది.