జలపాతం ఎదుట ట్రైపాడ్ నిలిపే ముందు

వానలు పడి జలపాతాలు నిండుగా దూకే రోజులే షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచి తీసే లాంగ్ ఎక్స్‌పోజర్ చిత్రాలకు మంచి రోజులు. రాళ్లు పాకుడు పట్టేదీ, వాగు ఉన్నట్టుండి పొంగేదీ కూడా ఆ రోజుల్లోనే. మామూలుగా ఫోటో తీసుకునేవారు రెండు నిమిషాల్లో పని ముగించుకుని వెనక్కి వస్తారు. లెన్స్‌కు ఫిల్టర్ బిగించి నీటిని పాలధారలా చూపాలనుకునేవారికి అది కుదరదు. ట్రైపాడ్ నిలపాలి, ఫోకస్ సరిచూసుకోవాలి, ఫిల్టర్ ఎక్కించాలి, షట్టర్ మూసుకునేదాకా ఆగాలి, అద్దం మీద పడిన తుంపర తుడిచి మళ్లీ మొదటి నుంచి రావాలి. ఇలా ఒకే బండ మీద ముప్పావుగంట తెలియకుండానే గడిచిపోతుంది. ఆ సేపంతా చూపు కెమెరా తెర మీద, చెవులు నీటి హోరులో ఉంటాయి. అందుచేత ఎక్కడ నిలబడాలో మొదట తేల్చుకుని, అక్కడి నుంచి కనిపించే దృశ్యంలోనే ఫ్రేమును వెతుక్కోవాలి.

నీరు పెరిగితే ఎంత త్వరగా ఒడ్డుకు చేరగలమన్న లెక్క మీదనే ఆ చోటు ఆధారపడి ఉంటుంది. మన తల మీద ఎండ కాస్తున్నా, ఎగువ కొండల్లో గంట క్రితం కురిసిన వాన ఇప్పుడు మన దగ్గరికి చేరుతూ ఉండవచ్చు. కాబట్టి జలపాతం ఉన్న చోటి వాతావరణం ఒక్కటే చూసుకుంటే చాలదు. ఆ వాగుకు నీరు చేరే ఎగువ ప్రాంతమంతటి వాన సూచననూ చూసుకుని బయలుదేరాలి. ఎగువన ఆనకట్ట గానీ జలవిద్యుత్ కేంద్రం గానీ ఉంటే నీరు ఏ వేళల్లో వదులుతారో ముందే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే హెచ్చరిక సైరన్ మోగినా జలపాతం హోరులో అది వినబడకపోవచ్చు. తేటగా ఉన్న నీరు మట్టిరంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా ఎక్కువగా కొట్టుకురావడం, హోరు బరువెక్కడం వరద ముంచుకొస్తున్నదనడానికి గుర్తులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, షట్టర్ తెరిచి ఉన్నా సరే, ఆ చిత్రాన్ని వదిలేసి వెంటనే ఎత్తైన చోటికి నడవాలి. ట్రైపాడ్ చేతికి అందితే తీసుకోండి, అందకపోతే దాని కోసం ఆగకండి.

ఈ విషయం నాకు ఒక మధ్యాహ్నం తీసిన చిత్రాల వరుసలో కళ్లకు కట్టింది. ట్రైపాడ్ కదపకుండా ఇరవై నిమిషాల్లో ఏడు చిత్రాలు తీశాను. మొదటి చిత్రంలో ముందువైపు నల్లరాయికి నీటి అంచు పైన నాలుగు వేళ్ల వెడల్పున పొడి పట్టీ స్పష్టంగా ఉంది. నాలుగో చిత్రానికి అది వేలి వెడల్పుకు తగ్గింది, ఆరో చిత్రంలో రాతి నెత్తి మాత్రమే నీటి పైన మిగిలింది. ఆ సేపంతా నేను తెర మీద హిస్టోగ్రామ్‌నే, అంటే చిత్రంలోని వెలుగునీడల లెక్క చూపే పటాన్నే, చూస్తున్నాను. వెనుక నుంచి స్నేహితుడు ఎన్నిసార్లు పిలిచినా వినబడలేదు. అతను వచ్చి భుజం పట్టుకున్నాకే కాళ్ల వైపు చూశాను. వచ్చేటప్పుడు పాదం తడవకుండా దాటిన రాళ్లలో రెండు అప్పటికే నీళ్ల కింద ఉన్నాయి. నాటి నుంచి నీటి అంచున ఒక గుర్తురాయిని ఎంచుకుని, ప్రతి చిత్రం తరువాత తెర చూసే ముందు ఆ రాయిని చూడడం నియమంగా పెట్టుకున్నాను. ఒంటరిగా వెళ్లడం మానేశాను. తోడు వచ్చినవారు ఎగువ వైపు చూస్తూ నిలబడాలి, ఇద్దరి మెడలోనూ ఈల ఉండాలి.

నడక సంగతికి వస్తే, పచ్చని నాచును చూసి అందరూ జాగ్రత్తపడతారు గానీ నల్లగా నిగనిగలాడే తడిరాతి మీద కూడా కంటికి కనిపించని పాకుడు పొర ఉంటుందని మరచిపోతారు. బరువు మోపే ముందు పాదంతో ఒత్తి చూడాలి. కెమెరాను మెడలో వేలాడదీసుకుని రాళ్లు దాటకూడదు. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి గనుక అది సంచిలోనే ఉండాలి. మోకాలి లోతు ప్రవాహం కూడా మనిషిని పడగొట్టగలదు కాబట్టి నీటిలో దిగవలసిన ఫ్రేమును వదులుకోవడమే మంచిది. తప్పనిసరిగా దాటవలసి వస్తే సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ ముందే విప్పుకోవాలి, పడిపోతే సంచిని విదిలించుకుని బయటపడడానికి. జలపాతం పైఅంచుకు ఎన్నడూ వెళ్లకూడదు. సరిగ్గా ధార కింద ఉండే మడుగులో కూడా దిగకూడదు: పైనుంచి రాళ్లూ కొమ్మలూ పడతాయి, గాలి బుడగలతో నిండిన ఆ నీరు మనిషిని మామూలు నీటిలా తేల్చదు. ఇంకొక అలవాటును కూడా మానుకోవాలి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఒక్క అడుగైనా వెనక్కి వేయకూడదు. కన్ను తీసి, తిరిగి చూసి, ఆ తరువాతే కదలాలి.

ట్రైపాడ్‌ను వీలైనంత వరకు గట్టి బండ మీదే నిలపాలి. కాళ్లు పారే నీటిలో ఉంటే ఆ ప్రవాహం వాటిని సన్నగా వణికిస్తూనే ఉంటుంది, ఆ వణుకు చిన్న తెర మీద కనిపించదు. ఇంటికి వచ్చి పెద్దదిగా చూసుకున్నప్పుడు రాళ్ల అంచులన్నీ రెండేసిగా కనిపిస్తాయి. మధ్య కడ్డీని పైకి లేపకండి. కాళ్లలో లావుపాటి భాగాలనే వాడుకుంటూ ఎత్తు తగ్గించుకోండి. కెమెరా పట్టీ గాలికి కొట్టుకుంటుంటే తీసేయాలి, కింద బరువు వేలాడదీస్తే అది ఊగకుండా నేలకు ఆనేలా చూడాలి. ట్రైపాడ్‌ను తనంతట గుర్తించలేని పాత లెన్స్ అయితే చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్‌ను ఆపేయాలి. షట్టర్‌ను వేలితో నొక్కకుండా రిమోట్‌తో గానీ 2 సెకన్ల టైమర్‌తో గానీ తెరవాలి.

ఫిల్టర్ల విషయంలో నా అభిప్రాయం ఇది: మొదట కొనవలసింది పోలరైజర్. తడిరాళ్ల మీద, ఆకుల మీద తెల్లగా మెరిసే వెలుగును అది తగ్గించి అసలు రంగును బయటపెడుతుంది. ఈ పనిని ఫోటో తీశాక కంప్యూటర్‌లో పూర్తిగా చేయడం కుదరదు. ఎలాగూ 1 నుంచి 2 స్టాప్‌ల (ఒక స్టాప్ అంటే వెలుతురు సగానికి తగ్గడం) వెలుతురును అది మింగుతుంది కాబట్టి, మబ్బు పట్టిన రోజున చాలాచోట్ల అదొక్కటే సరిపోతుంది. నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు దాని ప్రభావం అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. దాని ఉంగరాన్ని ప్రభావం గరిష్ఠమయ్యేదాకా తిప్పి అలాగే వదిలేయకుండా, మెరుపు పూర్తిగా చచ్చిపోయి రాయి మట్టిముద్దలా కనిపిస్తే కొంచెం వెనక్కి తిప్పుకోవాలి.

ఆ తరువాత ఎన్‌డీ ఫిల్టర్లు, అంటే లెన్స్‌లోకి వచ్చే వెలుతురును తగ్గించే ముదురు అద్దాలు. ఒక్కో స్టాప్ వెలుతురును సగానికి తగ్గిస్తుంది గనుక 8 అంకె ఉన్నది 3 స్టాప్‌లు, 64 ఉన్నది 6 స్టాప్‌లు, 1000 ఉన్నది 10 స్టాప్‌లు ఆపుతాయి. నీడపట్టున ఫిల్టర్ లేకుండా షట్టర్ తెరిచి ఉండే సమయం 1/15 సెకను వస్తున్నదనుకుందాం. 3 స్టాప్‌లది వేస్తే దాదాపు అర సెకను, 6 స్టాప్‌లది వేస్తే 4 సెకన్ల పైచిలుకు, 10 స్టాప్‌లది వేస్తే 1 నిమిషం 8 సెకన్లు అవుతుంది. బలంగా దూకే జలపాతానికి నిమిషం సేపు షట్టర్ తెరిస్తే పోగుపోగుగా కనిపించవలసిన ధారంతా తెల్లటి గుడ్డలా మారిపోతుంది. చాలా జలపాతాలకు పావు సెకను నుంచి 1 సెకను మధ్యలోనే ధారలోని పోగులు నిలుస్తాయి. మడుగులో నురుగు తిరిగే సుడిని చూపాలంటే మాత్రం 8 నుంచి 15 సెకన్ల వరకు వెళ్లవచ్చు. ఫిల్టర్ లేదని అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, బాగా చిన్నదైన ఎఫ్/22 దాకా మూయకండి. చిన్న రంధ్రం గుండా వెలుతురు చెదిరే డిఫ్రాక్షన్ వల్ల చిత్రమంతా మెత్తబడుతుంది, పైగా అద్దం మీది ప్రతి నీటిచుక్కా మరింత స్పష్టంగా మచ్చగా పడుతుంది. రెండు పోలరైజింగ్ అద్దాలతో తయారయ్యే వేరియబుల్ ఎన్‌డీని వైడ్ లెన్స్ మీద చివరి హద్దు దాకా తిప్పితే ఆకాశంలోనూ నీటిలోనూ నల్లటి గుణకారపు గుర్తు లాంటి నీడ వస్తుంది, దానికి తరువాత మందు లేదు.

ఫిల్టర్ బిగించడం కాలు జారే చోట, వంగి నిలబడి చేసే పని కాదు. ఫ్రేమును, ఫోకస్‌ను ఫిల్టర్ లేకుండానే కుదుర్చుకుని, ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చాలి. 10 స్టాప్‌ల చీకటిలో ఆటోఫోకస్ వెతుకుతూ పోతుంది. చేతులు తుడుచుకుని, కింద సంచి తెరిచి ఉంచి, అప్పుడు ఫిల్టర్ బయటకు తీయాలి. జారిన అద్దం సంచిలో పడుతుంది గానీ నీళ్లలో పడదు. ముందు వెనక్కి కొద్దిగా తిప్పి, మరలు కలిసినట్టు వేలికి తెలిశాక నెమ్మదిగా ముందుకు తిప్పాలి. ఎక్కువ బిగించకూడదు. పట్టుకుపోయిన ఫిల్టర్‌ను రెండు వేళ్లతో ఇరువైపులా నొక్కి తిప్పితే ఆ ఉంగరం కోలగా సాగి ఇంకా బిగుసుకుంటుంది. వెడల్పాటి రబ్బరు బ్యాండు చుట్టి, వేళ్లన్నిటినీ చుట్టూ సమంగా ఆనించి తిప్పితే వస్తుంది. తిప్పేటప్పుడు ఫోకస్ రింగు కదిలిందేమో మరోసారి చూసుకోవాలి. చీకటి ఫిల్టర్ ఉంది కదా అని ఆప్టికల్ వ్యూఫైండర్ గుండా సూర్యుణ్ణి ఎన్నడూ చూడకూడదు, కంటికి శాశ్వతంగా దెబ్బ తగులుతుంది.

తుంపరతోనే అసలు పోరాటం. లెన్స్‌ను కిందికి వంచి, దానిపై గుడ్డ కప్పి ఉంచి, అన్నీ సిద్ధమయ్యాక ఆ గుడ్డ తీసి ఒక్కసారి తుడిచి వెంటనే షట్టర్ తెరవాలి. ఒకే గుడ్డ నాలుగోసారికి తడిసి అద్దాన్ని అలుకుతుంది కాబట్టి మూడు నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు వేర్వేరు పొడి సంచుల్లో ఉండాలి. తుడిచే ముందు బ్లోయర్‌తో ఊదడం మరచిపోకండి, చుక్కలో ఇసుకరేణువు ఉంటే గుడ్డ దానిని గీతగా మారుస్తుంది. గాలి మీ వైపే వీస్తుంటే దూరంగా జరిగి పొడవు లెన్స్‌తో తీయడం మేలు. వానను తట్టుకునే కెమెరా అని రాసి ఉన్నంత మాత్రాన నీటిలో మునిగినా ఏమీ కాదని అర్థం కాదు.

ఎక్స్‌పోజర్‌లో తెల్లటి నీటినే ముందు కాపాడుకోవాలి. చీకటి రాతిని తరువాత కొంత తేటపరచవచ్చు గానీ, పూర్తిగా కాలిపోయిన తెలుపులో తీసుకురావడానికి ఏమీ ఉండదు. బలమైన ఎన్‌డీ ఫిల్టర్లు రంగును ఎంతో కొంత మారుస్తాయి కనుక, తరువాత రంగు సరిచేసుకోవడానికి వీలిచ్చే రా ఫైల్‌లోనే తీయాలి. ఆప్టికల్ వ్యూఫైండర్ ఉన్న కెమెరా అయితే వెనుక నుంచి వెలుతురు చొరబడకుండా దానిని మూయాలి. చిత్రంలోని చుక్కల మచ్చలను తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే 30 సెకన్ల చిత్రం తరువాత కెమెరా మరో 30 సెకన్లు తీసుకుంటుంది. ప్రమాదకరమైన చోట నిలబడే సమయాన్ని అది రెట్టింపు చేస్తుంది కాబట్టి నేను ఆపేస్తాను. గాలికి కొమ్మలు ఊగుతుంటే వాటి కోసం ఐఎస్‌వో (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచి వేగంగా మరో చిత్రం తీసి, తరువాత రెండింటినీ కలుపుకోవచ్చు.

తిరిగి వచ్చాక తడి సంచిని అలాగే మూసి ఉంచితే లెన్స్ లోపల బూజు పడుతుంది. అయితే మళ్లీ బయలుదేరేటప్పుడు చల్లటి ఏసీ గదిలోంచి ఒక్కసారిగా ఉక్కపోతలోకి తెచ్చి కెమెరాను బయటకు తీస్తే అద్దాలన్నీ చెమ్మగిల్లుతాయి, అందుకని మూసిన సంచిలోనే అరగంట ఉంచి బయటి వేడికి అలవాటుపడనివ్వాలి. ఫిల్టర్లను ఒక్కొక్కటిగా తుడిచి, గాలికి ఆరాకే పెట్టెలో పెట్టాలి. ట్రైపాడ్ కాళ్ల కీళ్లలో ఇసుక చేరి ఉంటుంది కాబట్టి మంచినీళ్లతో కడిగి, కాళ్లను పూర్తిగా సాగదీసి, రాత్రంతా తలకిందులుగా ఆరబెట్టాలి.